గోడ మీద పాస్‌వర్డ్ ఎందుకు అతికించాల్సి వచ్చింది? కొత్తపేట ల్యాబ్‌లో ‘డబుల్ హాప్’ కథ

కొత్తపేటలో మా బావగారికి చిన్న కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ ఉంది. మొన్న మే నెలలో ఒక రాత్రి ఫోన్ చేసి, “ఏమయ్యా, రేపొకసారి రా. ల్యాబ్ కుర్రాణ్ణి పని మాన్పించాలా వద్దా, నువ్వొచ్చి చూసి చెప్పు” అన్నారు.

సంగతేంటంటే, ఒక విద్యార్థిని మూడు వారాలుగా చేసుకుంటున్న ప్రాజెక్టు వర్చువల్ మెషీన్‌ని సర్వర్ మీద ఎవరో డిలీట్ చేశారు. లాగ్ తీసి చూస్తే ‘అడ్మినిస్ట్రేటర్’ అని ఉంది. టైమ్ మధ్యాహ్నం 1:35. ఆ టైమ్‌కి అందరూ భోజనానికి వెళ్తారు, ల్యాబ్‌లో ఉండేది కుర్రాడొక్కడే. పైగా అడ్మిన్ పాస్‌వర్డ్ అతనికీ తెలుసు. అతనికే కాదు, నలుగురు ట్రైనర్లకీ తెలుసు, ఎందుకంటే సర్వర్ పక్క గోడ మీద పసుపు చీటీ మీద రాసి అతికించి ఉంది!

ఈ సైట్‌లో నేను ఎక్కువగా ఫోన్లు, మినీ పీసీలు, రౌటర్ల గురించి రాస్తుంటా. ఈసారి ఒక సెట్టింగ్ గురించి రాస్తున్నా. చూడ్డానికి చిన్నదే గానీ, అది సరిగ్గా లేక ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. ఇంట్లో, కాలేజీలో, చిన్న ఆఫీసులో సర్వర్ పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఇది తగులుతుంది.

ల్యాబ్‌లో ఏముంది?

హోస్ట్ ఒక రిఫర్బిష్డ్ టవర్ సర్వర్. 128 జీబీ ర్యామ్, రెండు ఎస్‌ఎస్‌డీలు. దాని మీద విండోస్ సర్వర్, అందులో హైపర్-వి. దాని మీద ఇరవై దాకా వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. ఇకమీద వీఎంలు అందాం. డొమైన్ కంట్రోలర్ కూడా ఆ వీఎంల్లో ఒకటి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వీఎంలను ఆన్ చేయడానికి, ఆపడానికి, చెక్‌పాయింట్‌కి వెనక్కి తేవడానికి ట్రైనర్లు బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుస్తారు. అది విండోస్ అడ్మిన్ సెంటర్. మైక్రోసాఫ్ట్ దీన్ని ఉచితంగానే ఇస్తుంది. ఇది వేరే చిన్న పీసీ మీద గేట్‌వేగా నడుస్తోంది. అంటే ట్రైనర్ పీసీ నుంచి గేట్‌వేకి, గేట్‌వే నుంచి హోస్ట్‌కి. మొత్తం రెండు అంగలు.

“ఇదంతా క్లౌడ్‌లో పెట్టుకోవచ్చు కదా?” అని మీరు అడగొచ్చు. నేనూ అడిగా. బావగారు 2022 గుర్తు చేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్ల మీదకి వెళ్ళి, అవతలి జిల్లా టవర్ల సిగ్నల్ కోసం వెతుక్కున్నారు. ఆ రోజులు చూశాక, క్లాసులు ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదని ఆయన నిర్ణయించుకున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. లోకల్ డొమైన్‌లో లాగిన్ అవ్వడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. డొమైన్ కంట్రోలర్ గదిలోనే ఉంటే చాలు.

మరి పాస్‌వర్డ్ గోడెక్కడం ఎందుకు? మొదట్లో ట్రైనర్లు ఎవరి ఖాతాతో వాళ్ళు లాగిన్ అయ్యి గేట్‌వే పేజీ తెరిచేవాళ్ళట. పేజీ వచ్చేది. హోస్ట్ మీద క్లిక్ చేయగానే మళ్ళీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగేది. సొంతది కొడితే ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. హోస్ట్ లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొడితే మాత్రం ఎప్పుడూ పనిచేసేది. ఇంకేముంది, అదే అలవాటైపోయింది. ఎలాగూ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి కదా అని సొంత లాగిన్లు వాడటం కూడా మానేశారు. ముందు గది పీసీలో ‘ల్యాబ్’ అనే ఒకే ఖాతాతో అందరూ కూర్చునేవాళ్ళు.

అలా లాగ్‌లో మనుషుల పేర్లు పోయాయి.

డబుల్ హాప్ అంటే మన భాషలో

రాజోలు, మలికిపురం వైపు వాళ్ళకి ఈ విషయం ఇట్టే అర్థమవుతుంది. గల్ఫ్‌కి వెళ్ళే మనిషి ఊళ్ళో ఉన్న పొలం పనులు తమ్ముడికి అప్పజెప్పి వెళ్తాడు. తమ్ముడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్ళి “మా అన్నయ్య తరఫున వచ్చానండి” అంటే సరిపోదు. అన్నయ్య ఎవరో వాళ్ళకి తెలిసినా సరే, “మీ అన్నయ్య మీకు పవర్ ఇచ్చాడా? కాగితం ఏదీ?” అంటారు.

ఇక్కడా అంతే. విండోస్ డొమైన్‌లో లాగిన్ పని చూసేది కెర్బెరోస్ అనే పద్ధతి. ఇది 1980ల్లో అమెరికాలోని ఎంఐటీలో అథీనా ప్రాజెక్టులో పుట్టింది. గ్రీకు కథల్లో పాతాళ ద్వారం కాసే మూడు తలల కుక్క పేరు దీనికి పెట్టారు. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ డొమైన్లలో ఇదే ప్రధాన పద్ధతి.

దీంట్లో పాస్‌వర్డ్ ఊరంతా తిరగదు. మీరు లాగిన్ అయ్యాక డొమైన్ కంట్రోలర్ మీకు టికెట్లు ఇస్తుంది. గేట్‌వేకి వెళ్ళాలంటే గేట్‌వే పేరు మీద ఒక టికెట్. అది గేట్‌వే దగ్గర మాత్రమే చెల్లుతుంది. అమలాపురం వరకు తీసుకున్న బస్సు టికెట్ చూపించి రాజోలు బస్సు ఎక్కలేం కదా. మీరెవరో గేట్‌వేకి తెలిసింది, కానీ మీ పేరు మీద హోస్ట్ దగ్గరికి వెళ్ళే హక్కు దానికి లేదు. మీ పాస్‌వర్డ్ కూడా దాని దగ్గర లేదు. కాబట్టి రెండో అంగ దగ్గర ఆగిపోతుంది. దీన్నే డబుల్ హాప్ సమస్య అంటారు.

నిజానికి ఇది లోపం కాదు, రక్షణ. మధ్యలో ఉన్న ప్రతి వెబ్ సర్వరూ మన పేరు చెప్పి ఎక్కడికైనా వెళ్ళిపోగలిగితే కొంప మునిగినట్టే. పవర్ కాగితం రాసిస్తేనే వెళ్ళాలి. ఆ కాగితం పేరే డెలిగేషన్.

కొత్తపేటలో కాగితం ఒక్కటే సమస్య అనుకుని దిగా. తీరా చూస్తే ఒకదాని కింద ఒకటి నాలుగు బయటపడ్డాయి.

మొదటిది: బుక్‌మార్క్‌లో ఐపీ అడ్రస్

ముందు ఒక ట్రైనర్‌ని సొంత ఖాతాతో లాగిన్ అవ్వమన్నా. గేట్‌వే పేజీ తెరిచాక కమాండ్ ప్రాంప్ట్‌లో ‘కె-లిస్ట్’ కమాండ్ కొట్టా. మన దగ్గర ప్రస్తుతం ఉన్న కెర్బెరోస్ టికెట్లన్నీ అది చూపిస్తుంది. గేట్‌వే పేరు మీద ‘హెచ్‌టీటీపీ’ టికెట్ ఒకటి కనిపించాలి. అది లేదు.

అడ్రస్ బార్ చూస్తే 192.168 తో మొదలయ్యే ఐపీ అడ్రస్. సెటప్ చేసిన రోజు ఎవరో అలా తెరిచి బుక్‌మార్క్ పెట్టారు, అదే అన్ని పీసీల్లోకీ వెళ్ళింది. కెర్బెరోస్ టికెట్ ఇచ్చేది పేరు మీద. ఐపీ అడ్రస్‌తో వెళ్తే మామూలుగా దానికి తగిన పేరు డొమైన్‌లో దొరకదు. అప్పుడు విండోస్ ఏమీ చెప్పకుండా పాత పద్ధతి ఎన్‌టీఎల్‌ఎమ్‌కి దిగిపోతుంది. పేజీ తెరుచుకుంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం. కానీ ఎన్‌టీఎల్‌ఎమ్‌తో వచ్చినవాణ్ణి అక్కడి నుంచి ముందుకు పంపడం కుదరదు.

బుక్‌మార్క్‌లన్నీ పూర్తి పేరుకి మార్చాం. బ్రౌజర్ ఆ పేరుని లోకల్ ఇంట్రానెట్ సైట్‌గా గుర్తించేలా గ్రూప్ పాలసీలో పెట్టా. మళ్ళీ కె-లిస్ట్ కొడితే టికెట్ వచ్చింది. పని మాత్రం అవ్వలేదు. ఈసారి గేట్‌వే పేజీలోకే సరిగ్గా రానివ్వట్లేదు. ఒకసారి తెరుచుకుంటుంది, ఇంకోసారి పాస్‌వర్డ్ అడుగుతుంది.

రెండోది: గడియారం

ఇక్కడ గంటసేపు కొట్టుకున్నా. ఒకే పేరు రెండు ఖాతాల మీద నమోదై ఉందేమోనని ‘సెట్-ఎస్‌పీఎన్’తో వెతికా, లేదు. డీఎన్‌ఎస్ చూశా, బాగుంది. అప్పుడు టీ తెచ్చిన ల్యాబ్ కుర్రాడు నా పక్కన నిలబడి స్క్రీన్ కింద మూల చూసి మెల్లగా అన్నాడు: “మళ్ళీ టైమ్ వెనక్కి పోయిందండి.”

“మళ్ళీ అంటే?”

“ఆయ్, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పోద్దండి. చెప్పానండి, ఎవరూ పట్టించుకోలేదు.”

నా ఫోన్‌లో 11:50. ట్రైనర్ పీసీలో 11:10. హోస్ట్‌లోనూ 11:10. గేట్‌వేలో మాత్రం 11:50.

కెర్బెరోస్ టికెట్‌తో పాటు టైమ్ ముద్ర కూడా వెళ్తుంది, దొంగిలించిన టికెట్‌ని తర్వాత ఎవరూ వాడకుండా. విండోస్ డొమైన్‌లో డిఫాల్ట్‌గా రెండు చివర్ల మధ్య 5 నిమిషాల దాకా తేడాని ఒప్పుకుంటారు. ఇక్కడ 40 నిమిషాలు! కొన్ని సందర్భాల్లో విండోస్ తనే సర్దుకుని మళ్ళీ ప్రయత్నిస్తుంది గానీ, దాన్ని నమ్ముకోకూడదు. ‘ఒక్కోసారి అవుతుంది, ఒక్కోసారి అవ్వదు’ అన్న ఫిర్యాదు వింటే ముందు గడియారం చూడాలని ఆ రోజు బుద్ధొచ్చింది. లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎప్పుడూ పనిచేయడానికి కారణం కూడా దొరికింది. అది డొమైన్ ఖాతా కాదు. కెర్బెరోస్ దారిలో వెళ్ళదు, ఆ 5 నిమిషాల నిబంధన దానికి తగలదు.

టైమ్ ఎందుకు వెనకబడింది? టవర్ పాతది. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ నీరసపడింది. యూపీఎస్ కూడా దిగిపోయి సర్వర్ ఆగిపోతే, లోపలి గడియారం వెనకబడుతోంది. కరెంటు వచ్చాక హోస్ట్ తప్పు టైమ్‌తో లేస్తుంది. దాని మీదున్న డొమైన్ కంట్రోలర్ వీఎం ఆ టైమే తీసుకుంటుంది. ‘డబ్ల్యూ32టీఎం’ కమాండ్‌తో సోర్స్ అడిగితే ‘వీఎం ఐసీ టైమ్ సింక్రొనైజేషన్ ప్రొవైడర్’ అని చెప్పింది. అంటే హోస్టే దానికి గురువు. కానీ హోస్ట్ డొమైన్ సభ్యుడు కదా, అది టైమ్ కోసం డొమైన్ కంట్రోలర్‌ని అడుగుతుంది. ఇద్దరూ ఒకరి వాచీ ఒకరు చూసుకుని “సరిపోయింది” అనుకుంటున్నారన్నమాట. ల్యాబ్ పీసీలన్నీ వాటి వెనకే. గేట్‌వేని మాత్రం ఎప్పుడో ఎవరో ఇంటర్నెట్ టైమ్‌కి మార్చారు, అదొక్కటే నిజం చెబుతోంది.

చేసిన పని: వంద రూపాయలు కూడా ఖర్చవని సెల్ మార్చాం. డొమైన్ కంట్రోలర్ వీఎం సెట్టింగుల్లో, ఇంటిగ్రేషన్ సర్వీసెస్‌లో టైమ్ సింక్రొనైజేషన్ టిక్ తీసేశా. దానికి బయటి టైమ్ సర్వర్ ఇచ్చా. మన దేశానికి ప్రామాణిక సమయాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ నిర్వహిస్తుంది, ఇంటర్నెట్‌లో టైమ్ సేవ కూడా ఇస్తుంది. గేట్‌వేకి విడిగా పెట్టిన సెట్టింగ్ తీసేసి, దాన్నీ డొమైన్ దారిలోకే తెచ్చా. ఇంటర్నెట్ లేని రోజుల్లో కూడా అందరూ ఒకే టైమ్ చూపిస్తే లాగిన్‌కి చాలు.

అప్పుడే 1:35 సంగతి తట్టింది

హోస్ట్ లాగ్‌లో డిలీట్ అయిన టైమ్ 1:35. ఆ రోజు హోస్ట్ గడియారం సరిగ్గానే ఉందా?

గేట్‌వే గడియారం నమ్మదగ్గది కాబట్టి దాని సెక్యూరిటీ లాగ్ తెరిచా. ఒక కంప్యూటర్ నుంచి వేరే ఖాతా పాస్‌వర్డ్ కొట్టి ఇంకో సర్వర్‌కి వెళ్తే 4648 అనే నంబర్‌తో రికార్డు పడుతుంది. హోస్ట్ వైపు లాగిన్ అయినట్టు 4624 నంబర్ రికార్డు పడుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశా. ఆ రోజు మధ్యాహ్నం హోస్ట్‌లో 1:33కి పడిన లాగిన్‌కి జోడీ గేట్‌వేలో 2:13కి ఉంది. దాని ముందువి, వెనకవి కూడా అదే లెక్క: ప్రతిదానికీ 40 నిమిషాల తేడా.

అంటే డిలీట్ జరిగింది 1:35కి కాదు, 2:15కి. అప్పటికి భోజనాలు అయిపోయాయి, బ్యాచ్ మొదలైంది, ట్రైనర్లందరూ ల్యాబ్‌లోనే ఉన్నారు. కుర్రాణ్ణి మాత్రమే అనుమానించడానికి ఉన్న ఒక్క ఆధారం పోయింది.

బావగారు చాలాసేపు ఏం మాట్లాడలేదు. “మరి ఎవరు?” అన్నారు చివరికి. తెలీదు. ముందు గదిలో ‘ల్యాబ్’ ఖాతా, హోస్ట్‌లో ‘అడ్మినిస్ట్రేటర్’. నలుగురు ట్రైనర్లలో ఎవరైనా కావచ్చు, పక్క వీఎం అనుకుని పొరపాటున నొక్కి ఉండొచ్చు. ఆ ప్రశ్నకి జవాబు లేదు, ఎందుకంటే జవాబు నమోదయ్యే దారి మనమే మూసేశాం.

మూడోది: పవర్ కాగితం

ఇప్పుడు అసలు పని. డెలిగేషన్ ఇవ్వడంలో మూడు రకాలున్నాయి.

ఒకటి, హద్దుల్లేనిది. విండోస్ 2000తో వచ్చింది. గేట్‌వే కంప్యూటర్ ఖాతా మీద ‘ఏ సర్వీసుకైనా డెలిగేషన్‌కి నమ్ము’ అని టిక్ పెట్టడం. ఇది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ లాంటిది: పొలం, ఇల్లు, బ్యాంకు అన్నీ. సాంకేతికంగా చెప్పాలంటే, మీ మాస్టర్ టికెట్టే ఆ సర్వర్ మెమరీలోకి చేరుతుంది. ఆ సర్వర్‌ని ఎవడైనా పగలగొడితే, దాన్ని వాడిన ప్రతి ఒక్కరి పేరు మీదా డొమైన్ అంతా తిరగొచ్చు.

రెండోది, హద్దులున్నది. విండోస్ సర్వర్ 2003తో వచ్చింది. గేట్‌వే ఖాతా మీద ‘ఫలానా హోస్ట్, ఫలానా సర్వీసుకి మాత్రమే’ అని జాబితా రాయడం. ఇది స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ: ఈ సర్వే నంబర్ పొలం, ఈ పని వరకే.

మూడోది, వనరు వైపు నుంచి ఇచ్చేది. విండోస్ సర్వర్ 2012తో వచ్చింది. ఇందులో జాబితా ఉండేది గేట్‌వే దగ్గర కాదు, హోస్ట్ దగ్గర. “నా దగ్గరికి ఎవరి తరఫునైనా సరే ఈ గేట్‌వే వస్తే ఒప్పుకుంటా” అని హోస్టే చెబుతుంది. విండోస్ అడ్మిన్ సెంటర్‌లో ఒకే లాగిన్‌తో పని జరగడానికి మైక్రోసాఫ్ట్ చెప్పేది ఈ మూడో పద్ధతే.

పవర్‌షెల్‌లో ఒక లైను. ‘సెట్-ఏడీకంప్యూటర్’ కమాండ్‌లో హోస్ట్ పేరు ఇచ్చి, ‘ప్రిన్సిపల్స్ అలౌడ్ టు డెలిగేట్ టు అకౌంట్’ అనే ఆప్షన్‌కి గేట్‌వే కంప్యూటర్ ఖాతా ఇవ్వాలి. ఒక జాగ్రత్త: ఇది ఉన్న జాబితాకి కలపదు, పాతది చెరిపి కొత్తది రాస్తుంది. రెండు గేట్‌వేలుంటే రెండిటి పేర్లూ ఒకేసారి ఇవ్వాలి.

ఎంటర్ కొట్టా. పేజీ రీఫ్రెష్ చేశా. మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది.

నాలుగోది: 15 నిమిషాలు ఆగలేకపోవడం

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ‘ఇది కాదన్నమాట’ అనుకుని ఆ సెట్టింగ్ తీసేశా. రెండో రకం పెట్టి చూశా, అవ్వలేదు. అదీ తీసేశా. సాయంత్రం ఆరయింది. విసుగొచ్చి, మొదటి రకం టిక్ మీదకి మౌస్ తీసుకెళ్ళా. ఇంటర్నెట్‌లో వెతికితే పది మందిలో ఆరుగురు “అది పెట్టెయ్, అయిపోద్ది” అనే అంటారు. బావగారు కూడా “పెట్టెయ్యవయ్యా, రేపు బ్యాచ్ ఉంది” అన్నారు.

“మీరు పొలం జనరల్ పవర్ ఎవరికైనా ఇస్తారా బావగారూ?” అని అడిగా. ఆయన నవ్వి, “సరే, రేపు చూద్దాంలే” అన్నారు.

రాత్రి ఇంటికొచ్చి మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్ నెమ్మదిగా చదివితే అసలు మాట దొరికింది. ఒకసారి ‘కుదరదు’ అని జవాబొచ్చాక, ఆ ‘కుదరదు’ 15 నిమిషాల పాటు కాష్‌లో ఉండిపోతుంది. ఈలోపు మనం సెట్టింగ్ సరిచేసినా పాత జవాబే వస్తుంది. నేను సరైనది పెట్టి, అర నిమిషంలో పరీక్షించి, తప్పనుకుని తీసేశా!

తెల్లారి వెళ్ళి మూడో రకం మళ్ళీ పెట్టా. గేట్‌వే మీద అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘కె-లిస్ట్ పర్జ్’ కమాండ్‌ని సిస్టమ్ సెషన్ నంబర్ 0ఎక్స్3ఇ7 ఇచ్చి కొట్టా. ఇది పాత జవాబుని తుడిచేస్తుంది. ఇది గుర్తులేకపోయినా ఫర్వాలేదు: గేట్‌వేని రీస్టార్ట్ చేయండి, లేదా పావుగంట ఆగండి. ట్రైనర్ లాగాఫ్ అయి లాగిన్ అయ్యాడు, పేజీ తెరిచాడు, హోస్ట్ మీద క్లిక్ చేశాడు. పాస్‌వర్డ్ అడగలేదు. వీఎంల జాబితా వచ్చేసింది.

బావగారికి మాత్రం రాలేదు

నలుగురు ట్రైనర్లకీ వచ్చింది, బావగారి ఖాతాకి రాలేదు. ఆయనది డొమైన్ అడ్మిన్ ఖాతా. ఏదో సెక్యూరిటీ వీడియో చూసి ఆ ఖాతాని ‘ప్రొటెక్టెడ్ యూజర్స్’ గ్రూపులో చేర్చారట. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళ తరఫున ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేరు. ఖాతా మీద ‘సున్నితమైనది, డెలిగేట్ చేయరాదు’ అన్న టిక్ ఉన్నా అంతే.

ఇది తప్పు కాదు, మంచి పని. తీసేయమంటే నేను ఒప్పుకోలేదు. రోజువారీ పనికి ఆయనకి ఇంకో మామూలు ఖాతా తెరిచాం. డొమైన్ అడ్మిన్ ఖాతా డొమైన్ కంట్రోలర్ పనికే.

ట్రైనర్లకి కూడా పూర్తి అడ్మిన్ హక్కులు ఇవ్వలేదు. విండోస్ అడ్మిన్ సెంటర్‌లో పాత్రల వారీగా హక్కులిచ్చే ఏర్పాటు ఉంది. అందులో ‘హైపర్-వి అడ్మినిస్ట్రేటర్స్’ పాత్ర ఇస్తే వీఎంలు, వర్చువల్ స్విచ్‌ల మీద మార్పులు చేయొచ్చు, మిగతావి చూడ్డం వరకే. ఇంకొకటి: విండోస్ డొమైన్‌లో డిఫాల్ట్‌గా మామూలు యూజర్ కూడా పది కంప్యూటర్ల దాకా డొమైన్‌లో చేర్చగలడు. వనరు వైపు డెలిగేషన్‌ని దుర్వినియోగం చేసేవాళ్ళు ఈ సందునే వాడుకుంటారు. దాన్ని సున్నా చేశా.

ఫోన్ నుంచి సంగతేంటి?

మన పాఠకులు తప్పక అడిగే ప్రశ్న. గేట్‌వే పేజీ ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కానీ మామూలు ఫోన్ డొమైన్‌లో సభ్యుడు కాదు, దాని దగ్గర కెర్బెరోస్ టికెట్ ఉండదు. కాబట్టి పాస్‌వర్డ్ అడుగుతుంది. అది లోపం కాదు. అలాగే గేట్‌వేని నేరుగా ఇంటర్నెట్‌లోకి తెరవకండి. బయటి నుంచి కావాలంటే వీపీఎన్ పెట్టుకోండి.

మీ దగ్గర ఇదే వస్తే, ఈ వరసలో చూడండి

1. పేజీని ఐపీతో కాకుండా పూర్తి పేరుతో తెరుస్తున్నారా? కె-లిస్ట్‌లో గేట్‌వే పేరు మీద టికెట్ ఉందా?
2. పీసీ, గేట్‌వే, హోస్ట్, డొమైన్ కంట్రోలర్: నాలుగింటి టైమ్ ఒకటేనా? డొమైన్ కంట్రోలర్ వీఎం అయితే దానికి టైమ్ ఎవరిస్తున్నారు?
3. ఒకే సర్వీసు పేరు రెండు ఖాతాల మీద నమోదై ఉందా?
4. హోస్ట్ జాబితాలో గేట్‌వే పేరు ఉందా? రాసిన తర్వాత కాష్ తుడిచారా, లేదా పావుగంట ఆగారా?
5. ఒక్కరికే రావట్లేదంటే ఆ ఖాతా ప్రొటెక్టెడ్ యూజర్స్‌లో ఉందా? డెలిగేట్ చేయరాదని టిక్ ఉందా?
6. ఒకసారి ఒక్క మార్పే చేయండి. ఏది ఎప్పుడు మార్చారో కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు, ఒక సాయంత్రం పోయింది.

అంతా కుదిరాక రుజువు కూడా చూసుకోండి. హోస్ట్‌లో 4624 రికార్డు తెరిస్తే ట్రైనర్ అసలు పేరు కనిపించాలి. ‘ట్రాన్సిటెడ్ సర్వీసెస్’ అనే గడి నిండి ఉంటే, ఆ లాగిన్ డెలిగేషన్ మీద మధ్యవర్తి ద్వారా వచ్చిందని అర్థం.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు?

ఇంట్లో మినీ పీసీ మీద ఒక్కరే రెండు మూడు వీఎంలు నడుపుకుంటుంటే ఇదంతా పెట్టుకోకండి. డొమైన్ కూడా అక్కర్లేదు. ప్రాక్స్‌మాక్స్ లాంటివి వాడేవాళ్ళకి వెబ్ పేజీ హోస్ట్ మీదే ఉంటుంది కాబట్టి రెండో అంగ సమస్యే రాదు. కానీ ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సర్వర్‌ని ముట్టుకుంటారంటే మాత్రం, ఎవరి పేరుతో వాళ్ళు వెళ్ళే ఏర్పాటు చేయండి. ఇక్కడ నాకు పట్టింది ఒకటిన్నర రోజు, ఖర్చు ఒక బటన్ సెల్.

ఆ అమ్మాయి ప్రాజెక్టు పది రోజుల కిందటి బ్యాకప్ నుంచి తిరిగొచ్చింది. మిగతాది మళ్ళీ చేసుకుంటోంది. బావగారు కుర్రాణ్ణి పిలిచి, అందరి ముందూ, “తప్పు నాది, ఏమనుకోకు” అన్నారు. గోడ మీద చీటీ చించేసి, హోస్ట్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మార్చి, కొత్తది కవర్లో పెట్టి బీరువాలో దాచారు.

కుర్రాడికీ ఇప్పుడు సొంత ఖాతా ఉంది. నేను బయల్దేరేటప్పుడు అతను లాగ్‌లో తన పేరు కనిపిస్తోందో లేదో చూపించమన్నాడు. చూపించా. పేరు పక్కన టైమ్ కూడా చూసుకుని, ఫోన్‌లో టైమ్‌తో సరిపోల్చుకున్నాడు.